పేరు లేని తెల్ల డబ్బా: అడిగేవాళ్ళెవరు?

లంకమీద_ఇల్లు | ఆదివారం రాత్రి 9.40
అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర లంక. మా చెల్లికి మాఘమాసంలో పెళ్ళి. తాంబూలాలప్పుడు వియ్యపురాలు గారు "పిల్ల కళగానే ఉంది గానీ, కాస్త రంగొస్తే బాగుణ్ణు" అని నవ్వుతూ ఓ ముక్క అన్నారు. ఆ ముక్క మా అమ్మ మనసులో ముల్లయి కూర్చుంది. మర్నాడే ఇద్దరూ టౌన్లో ఓ పార్లరుకెళ్ళి తెల్ల డబ్బా తెచ్చుకున్నారు. కాటుక భరిణె కంటే కాస్త పెద్దది. మూత మీద పేరు లేదు, కంపెనీ లేదు, తేదీ లేదు. బాల్‌పెన్నుతో "నైట్" అని రాసుంది, అంతే. లోపల లేత పసుపు క్రీము. పైకి గులాబీ సెంటు, కింద మందుల షాపు వాసన. ఎనిమిది వందలు.

మొదటి రెండు వారాలు నిజంగానే తెల్లబడింది. అబద్ధమెందుకు, "ఏదీ ఇటు తిరుగు" అని నేనే మురిసిపోయాను. రెండో నెలలో డబ్బా అయిపోయి నాలుగు రోజులు రాయలేదు. బుగ్గలు కందిపోయి, పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది. గడ్డం కింద నూగు వెంట్రుకలు, ముక్కు పక్కన ఎర్రదారం ముక్కల్లా సన్నని నరాలు. రాస్తే తగ్గుతుంది, ఆపితే మంట. పార్లరావిడని అడిగితే "లోపలి విషం బయటికొస్తోందమ్మా, ఇంకో డబ్బా వాడు" అందిట.

ఆ డబ్బాలో ఏముందండి? ఇలాంటివి అమ్మడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదా?

గట్టు_మీద_గొడవ | ఆదివారం రాత్రి 10.05
అన్నీ బ్యాన్ చేసి పారెయ్యాలండి. నాకు రొయ్యల చెరువులున్నాయి. సరుకులో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ జాడ తగిలిందంటే కంటైనరు సముద్రం దాటి మరీ వెనక్కొస్తుంది. విదేశాల వాళ్ళు తినే రొయ్యకున్న తనిఖీ మన ఆడపిల్ల బుగ్గకి లేదు.

పూతరేకు | ఆదివారం రాత్రి 10.11
గొడవ గారు మొదటిసారి గొడవ లేని మాట చెప్పారు.

స్కిన్_ఓపీ | ఆదివారం రాత్రి 11.20
నేను కాకినాడలో చర్మవ్యాధుల డాక్టర్ని. ముందు చెల్లెలి సంగతి. చూడకుండా ఖాయంగా చెప్పను గానీ, మీరు రాసిన నాలుగు లక్షణాలూ స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి మొహానికి రాసినవాళ్ళలో మేం వారం వారం చూసేవే. రాస్తే చల్లారి, ఆపితే మండటం దాని ముద్ర. విషం బయటికి రావడమూ లేదు, ఏమీ లేదు. చర్మం ఆ మందుకి అలవాటు పడిపోయింది.

స్టెరాయిడ్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది, రంగు తయారుచేసే కణాల పని మందగింపజేస్తుంది. అందుకే మొదట్లో పాలిపోయి తెల్లగా కనబడుతుంది. తర్వాత చర్మం పల్చబడి నరాలు పైకి తేలతాయి, మొటిమలు, వెంట్రుకలు మొదలవుతాయి. మీ అంతట మీరు ఉన్నట్టుండి మానేసి, మంటకి ఇంకో ట్యూబు రాయొద్దు. దగ్గర్లో చర్మ డాక్టరుకి చూపించండి, డబ్బా కూడా పట్టుకెళ్ళండి. మెల్లిగా మాన్పించే పద్ధతి ఉంది. నెలలు పడుతుంది. ఈలోగా ఎండలో తిరగనివ్వకండి, సబ్బు తగ్గించమనండి, పెళ్ళికూతురి ఫేషియల్ అసలొద్దు.

గొడవ గారూ, అన్నీ బ్యాన్ చేస్తే నా పేషెంట్లకి నేనేం రాయాలండి? అవే స్టెరాయిడ్లు ఎగ్జిమాకీ సోరియాసిస్‌కీ కావాలి. మంగు మచ్చలకి హైడ్రోక్వినోన్ అనే రంగు తగ్గించే మందు కావాలి. క్లిగ్‌మన్ అనే ఆయన 1975లో హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిపి ఓ ఫార్ములా చెప్పారు. మంగుకి, కొన్ని వారాలకి, డాక్టరు కనిపెట్టి చూస్తుండగా. మన దగ్గర దాని తోబుట్టువులన్నీ పెళ్ళిచూపుల క్రీములైపోయాయి.

మందులకొట్టు | సోమవారం ఉదయం 6.15
కొట్టు తీసేముందు రాస్తున్నానండి. పాలకొల్లు వైపు ఇరవై రెండేళ్ళ నించి మందుల షాపు నాది.

ఆ డబ్బా ఎలా పుడుతుందో చెబుతాను. పార్లరు కుర్రాడు వచ్చి స్టెరాయిడ్ ట్యూబులు ఒక్కసారే ఇరవై పట్టుకెళ్తాడు. ఓ కోల్డ్ క్రీము పెద్ద సీసా, ఓ సెంటు. వెనక గదిలో స్టీలు గిన్నెలో వేసి గరిటెతో కలిపి డబ్బాలకి ఎత్తుతారు. లేత పసుపు రంగు ఏ ట్యూబు వల్ల వస్తుందో కూడా నేను చెప్పగలను గానీ, చెబితే రేపు ఇంకెవడో కలుపుతాడు.

చట్టం లేదనుకోకండి. 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. అంతకుముందు పైపూతలకి మినహాయింపు ఉండేది. ఇప్పుడు చీటీ లేకుండా ఇవ్వకూడదు. ట్యూబు మీద ఎర్రగీత నిలువుగా ఉంటుంది చూడండి, అది అందుకే. అయితే ఓ పెద్దావిడ ఖాళీ ట్యూబు తెచ్చి "బాబూ, ఇదే" అంటుంది. నేను చీటీ అడిగితే పక్క కొట్టుకెళ్తుంది. వాడు నవ్వుతూ ఇస్తాడు. ఇక ఆవిడ బీపీ మాత్రలూ వాడి దగ్గరే. చీటీ కోసం పట్టుబడితే ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు క్షణంలో రాసిస్తాడు.

నేనూ ఇచ్చానండి, చాలాసార్లు. కాదంటే ఎవరూ నమ్మరు.

లంకమీద_ఇల్లు | సోమవారం ఉదయం 8.02
డాక్టరు గారూ, కళ్ళలో నీళ్ళు తిరిగాయండి. రేపే తీసుకెళ్తాం.

బాబాయ్ గారూ, ఒప్పుకున్నందుకు మెచ్చుకోవాలో, ఇచ్చినందుకు తిట్టాలో తెలియట్లేదు. ఇరవై ట్యూబులు ఓ పార్లరు కుర్రాడికి దేనికో తెలిసే ఇచ్చారు కదా. మా చెల్లి వయసు పిల్ల మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

మందులకొట్టు | సోమవారం ఉదయం 8.30
ఉందమ్మా. ఆ మాట నిజం.

అద్దం_ముందు | సోమవారం మధ్యాహ్నం 1.45
నాది రావులపాలెంలో పార్లరు. అందరినీ ఒకే గాటన కట్టేయకండి. పదకొండేళ్ళుగా నా కొట్లో పేరు లేని డబ్బా పెట్టలేదు. దానికి నేను చెల్లించేది ఏమిటో తెలుసా? వారానికి ఇద్దరు ముగ్గురు "మీ దగ్గర ఆ క్రీము లేదా" అని అడిగి లేచిపోతారు. పక్క వీధిలో నా దగ్గర ఆర్నెల్లు పనిచేసి మానేసిన పిల్లే ఇప్పుడు డబ్బాలు అమ్ముతోంది. ఓ కుర్చీ, ఓ అద్దం, ఓ ట్రేడ్ లైసెన్సు ఉంటే చాలు కదా మాకు. ఏం రాస్తున్నామో అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. వచ్చి అడగమనండి, నా అలమార తలుపులు బార్లా తీస్తాను.

ఇంకోటి. డబ్బా ఇమ్మని మెడ మీద కూర్చునేది పిల్లలు కాదండి. తల్లులు.

సఖినేటిపల్లి_రేవు | సోమవారం సాయంత్రం 4.20
మా వైపు కథ వేరు. ఇక్కడ ఇంటికొకరు కువైట్, మస్కట్, దుబాయ్. సెలవుకొచ్చేటప్పుడు సూట్‌కేసులో ఖర్జూరం పొట్లాలతో పాటు క్రీములూ దిగుతాయి. పాకిస్తాన్ తయారీ, మూత మీద అరబిక్కో ఉర్దూయో. మా అత్త ఇరవై తెస్తే వాడకట్టులో పంచేసరికి నాలుగు మిగిలాయి. నరసాపురం పంటు పడవ దిగేలోపే బేరం కుదిరిపోయిందని మా నాన్న ఎటకారం. అది వాడాక మా పెద్దమ్మకి పాదాలు ఉబ్బాయి. "ఉప్పు ఎక్కువైంది" అనుకున్నాం. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా డాక్టరు గారూ?

స్కిన్_ఓపీ | సోమవారం రాత్రి 9.50
ఉండొచ్చు, ఆలస్యం చేయకండి. రేపు పొద్దున్నే యూరిన్ ప్రొటీన్ పరీక్ష చేయించండి. మూత్రం నురగగా పోతోందేమో అడగండి. క్రీము వెంటనే ఆపాలి.

ఆ క్రీముల్లో కొన్నిటిలో పాదరసం ఉంటుంది. మెలనిన్ తయారీని అది అడ్డుకుంటుంది, అందుకే తెలుపు. అయితే చర్మంలోంచి రక్తంలోకి వెళ్ళి మూత్రపిండాల వడపోత పొర మీద దెబ్బ కొడుతుంది. కేరళ మలప్పురం జిల్లాలో కిడ్నీ డాక్టర్లు 2021 జులై నించి 2023 సెప్టెంబరు దాకా వచ్చిన 22 మెంబ్రేనస్ నెఫ్రోపతీ కేసులు చూశారు, ఆ వడపోత పొర జబ్బే అది. అందులో 15 మందిలో అరుదైన నెల్-1 రకం. ఆ 15లో 13 మంది రంగు క్రీములు వాడామని చెప్పారు. కేరళ డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళు ఆపరేషన్ సౌందర్య పేరుతో కొట్ల మీద పడ్డారు కూడా. చాలామందికి క్రీము ఆపి వైద్యం చేస్తే తగ్గుతుంది, కాబట్టి కంగారొద్దు, నిర్లక్ష్యమూ వద్దు. డబ్బా ఇంట్లో మూత తీసి ఉంచకండి. పాదరసం ఆవిరి పిల్లలకీ తగులుతుంది. ఒకరు రాసుకుంటే తువ్వాళ్ళ మీదుగా ఇంటిల్లిపాదికీ అంటుతుంది.

కోర్టుసెంటర్ | సోమవారం రాత్రి 10.35
భీమవరంలో ప్రాక్టీసు నాది. పర్మిషను అక్కర్లేదా అన్న ప్రశ్న దగ్గరికొస్తా.

ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం 1940 నాటిది. దాని ప్రకారం ఒంటికి రుద్దేది, పోసేది, చల్లేది, శుభ్రానికో అందానికో వాడేది కాస్మెటిక్. మన మెలిక ఇక్కడే. కాస్మెటిక్ తయారుచెయ్యాలంటే లైసెన్సు కావాలి, దిగుమతి చేసుకోవాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. అమ్మడానికి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు. కిరాణా కొట్టులోనూ అమ్ముకోవచ్చు. మందయితే అమ్మడానికీ లైసెన్సు ఉండాలి. డబ్బాలో స్టెరాయిడ్ పడిన క్షణం అది మందు, చిన్న గిన్నెలో కలిపినా అది తయారీ. లైసెన్సు లేకుండా చేసినందుకు మూడేళ్ళకి తగ్గకుండా ఐదేళ్ళ దాకా జైలు, లక్షకి తగ్గని జరిమానా. అంటే ఆ పార్లరావిడ చేస్తున్నది చిన్న తప్పేం కాదు, ఆవిడకే తెలియదు.

పాదరసం సంగతి: 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఉద్దేశపూర్వకంగా కలపకూడదు. అనుకోకుండా చేరినా, కళ్ళకి వాడేవి తప్ప మిగతా వాటిలో పది లక్షల పాళ్ళలో ఒక పాలు దాటకూడదు. పాదరసం వాడకాన్ని అదుపు చేసే మినమాటా ఒప్పందం మీద సంతకం చేసిన దేశాలు 2023లో కూర్చుని ఆ ఒక్క పాలు మినహాయింపు కూడా వద్దని, 2025 తర్వాత పాదరసం కలిపిన సౌందర్య సాధనాలేవీ ఉండకూడదని తీర్మానించాయి. 2018 నించి మనమూ ఆ ఒప్పందంలో ఉన్నాం. రేవు గారి అత్త సూట్‌కేసుని మాత్రం ఏ ఒప్పందమూ తెరవలేదు.

చామనఛాయ | మంగళవారం ఉదయం 11.10
క్రీములే మాట్లాడుతున్నారు. మా ఫ్రెండ్సులో ఇప్పుడు డ్రిప్పులు. తణుకులో ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా హాస్టల్ పిల్ల రంగొస్తుందని వారానికోటి చొప్పున గ్లుటాథయోన్ అనే మందు ఎక్కించుకుంటోంది. పైన సెలైన్ సీసా, పక్కన సెల్ఫీ. ఎనిమిది సిట్టింగుల ప్యాకేజీ, అన్నయ్య పెళ్ళిలోపు అయిపోవాలిట. సూది గుచ్చేది డాక్టరా అంటే "ఆవిడ కోటు వేసుకుంటుంది" అంది.

పూతరేకు | మంగళవారం ఉదయం 11.18
కోటు మేమూ వేసుకుంటామండి, పూతరేకులు చుట్టేటప్పుడు.

స్కిన్_ఓపీ | మంగళవారం మధ్యాహ్నం 3.00
నవ్వొచ్చింది గానీ విషయం నవ్వేది కాదు. చర్మం తెల్లబడటానికి గ్లుటాథయోన్ ఇంజెక్షనుకి మన దేశంలో అనుమతి లేదు. అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ కూడా తెల్లబరిచే ఇంజెక్షన్లు వేటికీ అనుమతి ఇవ్వలేదు. ఈ మోజు బాగా పాకిన ఫిలిప్పీన్స్‌లో ఆ దేశపు ఎఫ్‌డీఏ కాలేయం, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినొచ్చనీ, స్టీవెన్స్ జాన్సన్ అనే ప్రాణాంతకమైన చర్మవ్యాధి రావచ్చనీ హెచ్చరించింది. అక్కడ దానికి అనుమతి క్యాన్సర్ కీమోలో సిస్‌ప్లాటిన్‌కి తోడుగా మాత్రమే.

కోర్టుసెంటర్ | మంగళవారం మధ్యాహ్నం 3.25
సూదితో ఎక్కించేది కాస్మెటిక్ కానే కాదు, "బ్యూటీ ట్రీట్‌మెంట్" అని బోర్డు రాసినంత మాత్రాన మారదు.

గట్టు_మీద_గొడవ | మంగళవారం రాత్రి 8.00
చట్టాలు ఇన్నున్నాయి, పార్లరు వెనక గదిలో గిన్నె మాత్రం తిరుగుతూనే ఉంది. అందుకే నేను మొదట్నించీ బ్యాన్ అంటున్నా. ఘనా 2016లో హైడ్రోక్వినోన్ నిషేధించింది, దక్షిణాఫ్రికా 1990లోనే చేసింది. మనకేం వచ్చింది?

స్కిన్_ఓపీ | మంగళవారం రాత్రి 9.15
యూరప్ కూడా 2001లో రంగు క్రీముల్లోంచి తీసేసింది. అక్కడ డాక్టరు చీటీ మీద దొరుకుతుంది. ఆ తేడా నాకు ముఖ్యం. పూర్తిగా ఆపిన చోట్లా దొంగ సరుకు ఆగలేదు, పైగా అందులో ఏముందో ఎవరికీ తెలియని స్థితి. నేను కోరేది వేరు: ఎర్రగీత మందు చీటీ లేకుండా కదలకూడదు, చీటీ రాసేవాడు లంకలో పిల్లకీ అందుబాటులో ఉండాలి. రెండోది లేకుండా మొదటిది నడవదండి. గన్నవరం లంక నించి నా ఓపీకి రెండు బస్సులు, ఓ పూట కూలీ. ఆర్‌ఎంపీ అయితే సైకిలు దూరం.

మందులకొట్టు | మంగళవారం రాత్రి 9.40
డాక్టరమ్మ గారు సూటిగా చెప్పారు. నేను చీటీ అడిగిన రోజున ఆ పెద్దావిడ ఎక్కడికెళ్ళాలో కూడా నేనే చెప్పగలగాలి. ఇప్పుడు చెప్పలేను.

చామనఛాయ | మంగళవారం రాత్రి 9.52
ఈ-సంజీవనిలో ఫోనులోనే ప్రభుత్వ డాక్టరుతో మాట్లాడొచ్చండి. మా అమ్మ తామరకి అలాగే చూపించుకుంది. మొహం ఫోటో సరిగా రావాలంటే గుమ్మం దగ్గర వెలుతురులో తియ్యాలి, అదొక్కటే కష్టం.

పూతరేకు | బుధవారం ఉదయం 7.30
ప్రకటనల సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1975లో మొదలైన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది గానీ వియ్యపురాళ్ళు మారలేదు. మా బామ్మ నలుగు పెడుతూ "రంగు కోసం కాదే, మట్టి వదలాలి" అనేది. ఆవిడ ఏ కంపెనీకీ పనికిరాదు.

కోర్టుసెంటర్ | బుధవారం ఉదయం 9.05
ప్రకటనల మీద 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. తెల్లబరుస్తామనే ప్రచారాన్ని కూడా దాని జాబితాలో చేర్చాలని 2020 ఫిబ్రవరిలో కేంద్రం ముసాయిదా పెట్టింది. మొదటి తప్పుకి రెండేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా అన్నారు. అది ముసాయిదా దగ్గరే ఆగింది.

లంకమీద_ఇల్లు గారికి పనికొచ్చేది ఒకటి చెబుతాను. అదే 1940 చట్టంలో 26వ సెక్షన్ ఉంది. మందు గానీ సౌందర్య సాధనం గానీ కొన్నవాళ్ళు ఎవరైనా నిర్ణీత ఫీజు కట్టి ప్రభుత్వ ఎనలిస్టుకి పరీక్షకిచ్చి, సంతకం పెట్టిన రిపోర్టు తీసుకోవచ్చు. చాలామంది లాయర్లకే గుర్తుండదు. రిపోర్టు దారి చూపిస్తుంది. కేసు నిలబడాలంటే మాత్రం డ్రగ్స్ ఇన్‌స్పెక్టరే కొట్టుకెళ్ళి, సరుకు ధర చెల్లించి, శాంపిల్ తీసుకుంటున్నట్టు తెలిపే ఫారం 17 ఇచ్చి, శాంపిల్ భాగాలు చేసి సీలు వెయ్యాలి. అందుకని ఆయనకి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి. కొన్న బిల్లు ఉంటే జతచెయ్యండి. మందువల్ల చెడు జరిగిందని చెప్పడానికి 1800-180-3024 కూడా ఉంది, ఫోను ఉచితం.

నిర్వాహకుడు | బుధవారం ఉదయం 9.30
రెండు పోస్టుల్లో పార్లరు పేర్లు తీసేశాను. ఫిర్యాదు ఆఫీసులో ఇవ్వండి, ఇక్కడ పేర్లొద్దు.

లంకమీద_ఇల్లు | శుక్రవారం రాత్రి 8.45
అప్‌డేట్ అండి. డాక్టరు గారు చూశారు, స్టెరాయిడే అన్నారు. మెల్లిగా మాన్పించే మందు రాశారు. మూడు నెలలు పట్టొచ్చట, పెళ్ళికి ఎరుపు పూర్తిగా తగ్గకపోవచ్చట. మా అమ్మ డాక్టరు గదిలోనే ఏడ్చేసింది. మా చెల్లి ఏడవలేదు, "ఇంతకీ నల్లగానే ఉంటాను కదా" అని అడిగింది. డాక్టరు గారు కాసేపు ఆగి "నువ్వు ఇదివరకు ఎలా ఉండేదానివో అలా ఉంటావు" అన్నారు.

కోర్టుసెంటర్ గారు చెప్పినట్టు బిల్లు కోసం అమ్మని మళ్ళీ పార్లరుకి పంపాను. ఇంకో డబ్బా కొంటానంటే ఇచ్చింది. బిల్లు అడిగితే ముందు "ఎందుకు" అంది, తర్వాత చిన్న చీటీ మీద "ఫేషియల్ – 800" అని రాసిచ్చింది. డబ్బా ఊసే లేదు.

వియ్యపురాలు గారికి ఫోను చేసి జరిగింది నేనే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "మా పెద్దమ్మాయీ అదే డబ్బా వాడుతోంది" అన్నారు.

సఖినేటిపల్లి_రేవు | శుక్రవారం రాత్రి 9.10
మా పెద్దమ్మకి యూరిన్‌లో ప్రొటీన్ మూడు ప్లస్ వచ్చింది. కిడ్నీ డాక్టరు సోమవారం రమ్మన్నారు. మిగిలిన నాలుగు క్రీములూ మా నాన్న గోదాట్లో పారేస్తానంటే ఆపాను.

స్కిన్_ఓపీ | శుక్రవారం రాత్రి 9.22
గోదాట్లో వద్దు! పాదరసం చేపల్లోకి ఎక్కుతుంది. కవర్లో కట్టి డాక్టరు దగ్గరికే పట్టుకెళ్ళండి.

అద్దం_ముందు | శుక్రవారం రాత్రి 9.40
"ఫేషియల్ – 800". నా మాజీ అసిస్టెంటు కూడా అలాగే రాస్తుంది.

మందులకొట్టు | శుక్రవారం రాత్రి 10.00
పార్లరు కుర్రాడు ఇవాళ వచ్చాడండి. లేవన్నాను. అలమారలోవి కనబడుతూనే ఉన్నాయి వాడికి.

లంకమీద_ఇల్లు | శుక్రవారం రాత్రి 10.06
థాంక్స్ బాబాయ్ గారూ.

రెండు డబ్బాలూ ప్లాస్టిక్ కవర్లో ముడేసి బీరువాలో లాకర్ పక్కన పెట్టాను. అమ్మ రోజూ అడుగుతోంది, ఇంకా పారెయ్యలేదా అని.

కోర్టుసెంటర్ | శుక్రవారం రాత్రి 10.12
పారెయ్యొద్దు. కొత్తదాని మూత తియ్యొద్దు. "నైట్" అన్న రాత కనబడేలా ఫోటో తీసి, ఆ ఫేషియల్ చీటీతో కలిపి ఉంచండి. ఫిర్యాదు కాగితం నేను రాసి పంపిస్తా, సోమవారం పొద్దున్నే అమలాపురంలో కలుద్దాం.